మూడోసారి అడగాలి

మండపేట
జులై 9

అక్కకు,

ఇక్కడ మేమిద్దరం క్షేమం, నా నాలుక తప్ప. ఈ ఊళ్ళో పప్పులో బెల్లం, పులుసులో బెల్లం, వంకాయలో బెల్లం. నిన్న ఎదురింటివాళ్ళు ఒక గిన్నెలో ఆవకాయ పంపించారు. అందులోనూ బెల్లమే! ఆవకాయకు తీపి పెట్టిన చేతులతో వీళ్ళు స్వామికి నైవేద్యం ఎలా పెడతారో తెలియదు. నిందించడం కాదు, ఉన్న మాట రాస్తున్నాను.

నువ్వు ఫోన్ వినలేవు. వాట్సాప్ అక్షరాలు చీమల బారులా ఉన్నాయని చూడవు. అందుకని ఉత్తరాలే రాస్తాను. ఒకందుకు ఇదే మేలు. నీ చెవులు బాగున్న రోజుల్లోనే నా గొంతు నీకు వినపడేది కాదు గదా.

నంద్యాల మిల్లు మూతపడ్డాక నీ మరిదికి ఇక్కడి బియ్యం మిల్లులో మేస్త్రీ పని దొరకడం స్వామి దయే అనుకోవాలి. కానీ మిల్లు మా వీధి చివరే. ఆరేసిన చీర మీద సాయంత్రానికి ఊక దుమ్ము ఇంత మందాన పేరుకుంటుంది. లారీలవాళ్ళు హారన్ కొట్టి కొట్టి, చివరికి దిగి వచ్చి "కొంచెం పక్కకి జరగండి" అని గేదెను బతిమాలుతారు. గేదెకు కూడా 'అండి'! ఇక 'ఆయ్' అని ఒకటుంది. అవునన్నా ఆయ్, వింటున్నామన్నా ఆయ్, మనం చెప్పింది బొత్తిగా నచ్చకపోయినా ఆయ్. ఇంత మర్యాద ఎవరికైనా నిజంగా ఉంటుందా అక్కా? పైన పూసుకునేదే.

సత్యలక్ష్మి గారని, బజారులో బట్టల కొట్టువాళ్ళు. మనలాగే చేపా మాంసం ముట్టని ఇల్లు. ఇక్కడి రామాలయంలో ఆడవాళ్ళ సహస్రనామ పారాయణం నడిపేది ఆవిడే. మొన్న పసుపు కుంకుమతో ఇంటికి వచ్చింది. వేడి వేడి జొన్నరొట్టెలు రెండు, చెనక్కాయల పచ్చడి ప్లేటులో పెట్టి తెచ్చాను. "అబ్బే, ఇప్పుడే తిన్నానండి, వద్దండి" అంది. సరేనని ప్లేటు లోపలికి తీసుకెళ్ళాను. ఆవిడ కాసేపు వంటింటి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నా వంటిల్లు శుభ్రంగా ఉందో లేదో అని కాబోలు. తర్వాత లేచి వెళ్ళింది.

వీళ్ళతో నాకు ఒక్కటే పని. ప్రతి కార్తీకంలో ఒక సోమవారం సత్యలక్ష్మి గారు బస్సు మాట్లాడి, వీధి ఆడవాళ్ళందరినీ పంచారామాలకు తీసుకెళ్తుందట. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. ఐదూ ఒకే రోజు. ఆరేళ్ళ కింద మెదడు జ్వరంతో నువ్వు కర్నూలు ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు నేను మొక్కింది అదే గదా. ఆయనకు కార్తీకంలో కొత్త ధాన్యం దిగుతుంది, సెలవు ఉండదు. ఆర్టీసీ బస్సెక్కి అంతదూరం ఒక్కదాన్నే పోయిరావడం నా వల్ల కాదు. నాకు ఆ బస్సులో సీటు కావాలి. మొక్కు తీరితే చాలు. తర్వాత ఈ ఊరు ఎంత బెల్లం తింటే నాకేం?

నీ
అనసూయ


నంద్యాల
జులై 20

అనసూయకు,

నీ ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివినాను. మీ బావ ఏం రాసిందని సైగ చేసి అడిగితే "బెల్లం" అని చెప్పినాను. ఆయనకు అర్థం కాలేదు.

వద్దన్న మనిషి ముందర నుండి ప్లేటు తీసినావు. సరిగ్గా చేసినావు. నాయన ఏం చెప్పేవాడు? వద్దన్నవాణ్ణి రెండోసారి అడిగితే వాణ్ణి అబద్ధాలకోరు అన్నట్టే అనేవాడు. మనం ఒకసారి అడుగుతాం. తినేవాడు తింటాడు, తిననివాడు పోతాడు. వాళ్ళు కాలువ పక్కన పుట్టినోళ్ళు. బిందె ముంచితే నీళ్ళు. మనం బిందె పట్టుకొని మూడు వీధులు తిరిగినోళ్ళం. మనకు మాటలు పారబోసే అలవాటు లేదు.

సీటు సంగతి మాత్రం నోరు తెరిచి అడుగు. నీ గొంతుకు ఎవరూ భయపడరు. కొంచెం గట్టిగానే అడుగు. ఆ మొక్కు నాది కూడా. నేను బతికి ఆరేండ్లయింది. ఆ ఐదుగురు స్వాములూ ఇంకా ఎదురుచూస్తానే ఉన్నారు.

నీ అక్క
రామసుబ్బమ్మ


మండపేట
సెప్టెంబర్ 4

అక్కకు,

వినాయక చవితి అయింది. మూడు రోజులు మైకు, తర్వాత కాలువలో నిమజ్జనం. నేను ఇంట్లోనే మట్టి బొమ్మకు పూజ చేసుకున్నాను.

పోయిన శుక్రవారం పారాయణం వంతు మా ఇంటిది. తొమ్మిదిమంది వచ్చారు. నేను పొద్దున నాలుగింటికే లేచి బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు, అలసందల వడలు చేశాను. గిన్నెలన్నీ వరుసగా పెట్టి "తినండి" అన్నాను. తొమ్మిదిమందీ ఒకే గొంతుతో "అబ్బెబ్బే, వద్దండి" అన్నారు. మా వంట వాళ్ళకు గడ్డి! సరే అని గిన్నెల మీద మూతలు పెట్టేశాను. సహస్రనామం మధ్యలో ఎవరిదో కడుపు గుర్రుమంది. ఒక్కరిది కాదు, ఇద్దరిది. ఉపవాసం ఉన్నవాళ్ళేమో, స్వామి భక్తులే అనుకున్నాను. మిగిలిందంతా మిల్లు కూలీలకు పంపించాను. వాళ్ళు గిన్నెలు కడిగి మరీ ఇచ్చారు.

ఇంకొకటి. కొట్లో కిలో ఎర్రగడ్డలు అడిగితే బీట్‌రూట్ తూచాడు. "ఇవి కాదయ్యా, కోస్తే కన్నీళ్ళొచ్చేవి" అన్నాను. "ఉల్లిపాయలాండి! ఆయ్, అలా చెప్పండి మరి" అని కొట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మర్యాదగానే నవ్వారు. వీళ్ళు ఏం చేసినా మర్యాదగానే చేస్తారు. నేనూ మర్యాదగానే బీట్‌రూట్ డబ్బులు ఇచ్చి తెచ్చుకున్నాను. రెండు రోజులు అదే కూర. దాని తీపి దానికే ఉంది కాబట్టి కనీసం బెల్లం వేయనక్కర్లేదు.

నీ మరిదికి మాత్రం ఊరు నచ్చింది. బొజ్జ వచ్చింది. మిల్లులో "మేస్త్రి గారూ" అని పిలిచి పూతరేకులు తినిపిస్తున్నారు. మగవాళ్ళను గెలవడానికి అంతకంటే ఏం కావాలి?

సీటు ఇంకా అడగలేదు. నన్ను చూస్తే వాళ్ళ మాటలు ఆగిపోతున్నాయి.

నీ
అనసూయ


మండపేట
అక్టోబర్ 3

అక్కకు,

నీ జవాబు రాకముందే ఇంకొకటి రాస్తున్నాను. ఒక వింత తెలిసింది.

తలుపులమ్మ అని చేపలమ్మే ఆవిడ యానాం వైపు నుంచి వస్తుంది. మనం చేపలు తినమని తెలుసు, అందుకని తట్ట రోడ్డవతల దించి, మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడుగుతుంది. నాకు ఆ వాసన పడదు. అయినా దాహం అడిగిన మనిషికి వాసన చూస్తామా? నిన్న నీళ్ళతో పాటు "రొట్టె తింటావా?" అన్నాను. "తెండి" అంది. ఈ ఊళ్ళో అడగగానే పుచ్చుకున్న మొదటి మనిషి. రెండు రొట్టెలు తిని, కారానికి ముక్కు తుడుచుకుంటూ, "ఇంత బావుంటే మరి ఈధిలో ఆడోళ్ళందరూ మిమ్మల్ని అలా అంటారేంటండి?" అంది.

"ఎలా అంటారు?"

"ఒక్కసారి అడిగేసి ప్లేటు లోపలికి ఎత్తుకుపోతారంటండి తమరు! సచ్చలచ్చిమి గారైతే, నా కళ్ళ ముందే రొట్టె వచ్చి నా కళ్ళ ముందే వెళ్ళిపోయిందే అని ఇప్పటికీ చెప్పుకుంటారండి. పారాయణం రోజు తొమ్మండుగురూ ఆకలితో ఇళ్ళకి పోయి చద్దన్నాలు తిన్నారంట."

"వాళ్ళే వద్దన్నారు!"

తలుపులమ్మ నన్ను జాలిగా చూసింది. చేపలమ్మే మనిషి నా మీద జాలిపడే రోజు వచ్చింది, చూడు. "మరి వద్దనకపోతే ఏమంటారండి? ఎదవ కుక్కలాగా అడగ్గానే తినేస్తారేంటి? మొదటిసారి వద్దనడం మర్యాదండి. రెండోసారి మొగమాటమండి. మూడోసారి అడిగితే అప్పుడు 'మీరింతగా అంటున్నారు కాబట్టి' అని తింటారండి. నాకా? నేను పొద్దున్న మూడింటికి లేచానండి, నాకు మొగమాటానికి ఓపికెక్కడిది?"

అక్కా, ఇదీ సంగతి. ఆకలి వేస్తుంటే వద్దంటారట! కావాలంటే వద్దనాలి, నిజంగా వద్దనుకుంటే మూడుసార్లు వద్దనాలి. నోరు ఒకటి, కడుపు ఒకటి. సహస్రనామం చదివే నోటితోనే ఇంత అబద్ధం. నాకు అసహ్యం వేసింది.

అయినా సీటు కావాలి. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి ఆట ఆడాలి. సత్యలక్ష్మి గారు దసరా అవగానే బస్సు లిస్టు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుందట. ఈసారి నేనూ వాళ్ళలాగే మాట్లాడతాను.

నీ
అనసూయ


నంద్యాల
అక్టోబర్ 12

అనసూయకు,

వద్దు. వాళ్ళ మాట వాళ్ళకుండనీ. నువ్వు వాళ్ళలాగా నటిస్తే వాళ్ళు నటించినంత బాగా రాదు. పుట్టినప్పటి నుండి చేసేవాళ్ళకూ మొన్న నేర్చుకున్నదానికీ పోటీనా? నన్ను చూడు. ఆరేండ్లుగా చెవిటిదాన్నే, ఇప్పటికీ ఎదుటివాళ్ళ పెదవులు చదవడం సరిగ్గా రాదు. మొన్న కోడలు "పాలు పొంగినాయి" అంటే "పాము వచ్చింది" అనుకొని మంచమెక్కి నిలబడినాను.

అడిగితే వస్తానని చెప్పు. ఒక మాట. అంతే.

నీ అక్క
రామసుబ్బమ్మ


మండపేట
అక్టోబర్ 24

అక్కకు,

నీ ఉత్తరం ఒక రోజు ఆలస్యంగా అందింది.

సత్యలక్ష్మి గారు లిస్టు పట్టుకుని సోమవారం వచ్చింది. గుమ్మంలో నిలబడే "మూడో సోమవారం బస్సండి. తమరు వస్తారాండి?" అంది. నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట! అయినా తలుపులమ్మ చెప్పినట్టే, తల కొంచెం పక్కకు వంచి, వాళ్ళలాగే చీర కొంగు సర్దుకుని, "అబ్బే, నాకెందుకు లేండి" అన్నాను.

రెండోసారి అడుగుతుందని నిలబడ్డాను. ఆవిడ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. "ఆయ్. అలాగేనండి" అని పెన్ను లిస్టులో గుచ్చి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అంతే! వద్దన్న వెంటనే! చూశావా, అందరికీ మూడుసార్లు, నాకు ఒక్కసారి. ఈ మర్యాద కూడా వాళ్ళలో వాళ్ళకే. బయటివాళ్ళకు గుమ్మం దాకానే. మర్నాడు వెళ్ళి, బస్సుకు నేనూ వస్తానని చెప్దామనుకున్నాను. కాళ్ళు రాలేదు. నిన్నటితో నలభై సీట్లూ నిండాయని తలుపులమ్మ చెప్పింది. ఇప్పుడు రామాలయానికి కూడా వెళ్ళడం లేదు. ఇంట్లోనే చదువుకుంటున్నాను. వీళ్ళ పక్కన కూర్చుని నామం చెప్తే నా నామం కూడా తీపెక్కుతుంది.

అక్కా, ఒకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని నేను మొక్కింది "మా అక్క బతికితే చాలు" అని. చాలు అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. స్వామి అంతే ఇచ్చాడు. నువ్వు బతికావు, చెవులు పోయాయి. ఇంకొక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? మన ఇంటి పద్ధతి అని స్వామి దగ్గర కూడా ఒక్కసారే అడిగాను. ఆరేళ్ళుగా ఇది నాలో ఉంది. కనీసం మొక్కయినా తీరుద్దామనుకుంటే అదీ పోయింది.

నీ
అనసూయ


నంద్యాల
అక్టోబర్ 31

అనసూయకు,

పిచ్చిదానా. బతికించమన్నావు, బతికినాను. చెవులు పోయినందుకు నాకు లాభమే. మీ బావ గురక వినపడదు.

ఇప్పుడు లేచి ఆ బట్టల కొట్టుకు పో. సీటు కావాలని చెప్పు. వాళ్ళ మాటా వద్దు, మన మాటా వద్దు. నా పేరు చెప్పు.

అక్క


మండపేట
నవంబర్ 13

అక్కకు,

నీ ఉత్తరం అందిన రోజే చీర కూడా మార్చుకోకుండా కొట్టుకు వెళ్ళాను. సత్యలక్ష్మి గారు ఎవరికో లంగా గుడ్డ కొలుస్తోంది. "నాకు బస్సులో సీటు కావాలండి. మా అక్క కోసం మొక్కుకున్నాను" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

ఆవిడ చేతిలోంచి మీటరు బద్ద జారిపోయింది. "అయ్యో రామ! మరి తమరే కదండి వద్దన్నారు?"

"మీరు రెండోసారి అడగలేదు గదా!"

"ఎలా అడుగుతానండి? మీ సీమవాళ్ళది ఒకటే మాట, రెండోసారి అడిగితే అబద్ధమాడారన్నట్టు లెక్క అని మీ మేస్త్రి గారే మావారితో చెప్పారండి! మీకు కోపం వస్తుందని నోరు కుట్టేసుకున్నానండి. మీ మెట్లు దిగేదాకా 'రండి రండి' అని నా నోట్లో ఆడుతూనే ఉంది. ఇంటికెళ్ళి మా కోడలు శ్రీదివ్యతో చెప్పి ఏడ్చినంత పనిచేశాను, అడగండి కావాలంటే!"

కొట్టులో కూర్చున్న శ్రీదివ్య "నిజమేనండి, ఆ రోజు అన్నం కూడా సగమే తిన్నారు అత్తయ్యగారు. నేను మూడుసార్లు అడిగినా" అంది.

నా కోసం ఆవిడ మన మాట నేర్చుకుంది, ఆవిడ కోసం నేను వాళ్ళ మాట నేర్చుకున్నాను. ఇద్దరం కలిసి నీ మొక్కు ముంచబోయాం. నీ మరిదిని ఆ రాత్రి ఏమన్నానో రాయను. స్వామి వినే ఉంటాడు.

సీట్లు నిండాయి కాబట్టి నడవలో ప్లాస్టిక్ స్టూలు వేశారు. అదే చాలన్నాను. ఇక చూడు. ముందు సీటు ఆవిడ "ఇక్కడ కూర్చోండి" అంది. వద్దన్నాను. మళ్ళీ అంది. వద్దన్నాను. మళ్ళీ. ఆవిడ అయ్యాక వెనక సీటు ఆవిడ. ఆవిడ తర్వాత పక్క సీటు. నలభై మంది, మనిషికి మూడుసార్లు. అమరావతి వచ్చేదాకా ఇదే. నాకు స్టూలు కంటే వీళ్ళ మర్యాద ఎక్కువ నొప్పి పుట్టించింది. నేను నిజంగానే వద్దంటున్నానని నమ్మించడం ఎలాగో తెలియలేదు. భీమవరం దగ్గర సత్యలక్ష్మి గారు లేచి వచ్చి, "మూడోసారి అడుగుతున్నానండి, ఇంక నాకు నాలుగోసారి అలవాటు లేదు" అంది. లేచి ఆవిడ సీట్లో కూర్చున్నాను. పాలకొల్లు దాకా ఆవిడ స్టూలు మీద కూర్చుంది. అప్పుడు నేను మూడుసార్లు అడిగాను.

మూడు గుళ్ళలోనూ దండం పెట్టి ఊరుకున్నాను. "మొక్కు తీర్చుకుంటున్నాను స్వామీ" అన్నాను, అంతే.

ద్రాక్షారామం వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అక్కడ భీమేశ్వరుడు రెండంతస్తుల ఎత్తు ఉంటాడు. కింద పాదాల దగ్గర దర్శనం, మెట్లెక్కి పైన శిరస్సు దర్శనం. లైన్లో నిలబడి ఉంటే నాకు ఉన్నట్టుండి తట్టింది. ఈ స్వామి ఎన్ని వందల ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాడు! రోజూ ఈ మనుషుల మాటే వింటాడు. ఒక్కసారి అడిగితే మర్యాదకు అడిగిందిలే అనుకోడా?

కింద నిలబడి "మా అక్కకు చెవులియ్యి" అన్నాను. 'ఆయ్' అన్నట్టే ఉన్నాడు, కదలలేదు, మెదలలేదు. మెట్లెక్కి పైన నిలబడి మళ్ళీ అడిగాను. "జరగండమ్మా, జరగండి" అన్నాడు పూజారి. కిందికి వచ్చి, వెళ్ళిపోతున్నవాళ్ళను దాటుకుని వెనక్కి తిరిగి, మూడోసారి అడిగాను. ఈసారి గట్టిగా. లైన్లోవాళ్ళు తిరిగి చూశారు. యాభై ఏళ్ళలో నా గొంతు అంతమందికి వినపడటం అదే మొదలు.

సామర్లకోటలో దీపాలు పెట్టి ఉపవాసం విడిచేటప్పుడు నా జొన్నరొట్టెల మూట విప్పాను. ఒక్కొక్కరినీ మూడుసార్లు అడిగాను. సహస్రనామానికి కూడా నా దవడ ఇంత నొప్పి పుట్టలేదు. ఒక్క రొట్టె మిగలలేదు. సత్యలక్ష్మి గారు మూడు తిని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "కొంచెం బెల్లం ముక్క ఉంటే బావుండేదండి" అంది.

క్షమించాను. ఆ రోజుకు మాత్రమే.

అక్కా, సంక్రాంతి లోపు ఒకసారి వచ్చి పో. గోదావరి చూద్దువుగాని.

నీ
అనసూయ


నంద్యాల
నవంబర్ 24

అనసూయకు,

ఉత్తరం చేరింది. చెవులు చేరలేదు. ఆ స్వామి కూడా వాళ్ళ ఊరివాడే గదా, 'ఆయ్' అన్నాడంటే ఏ అర్థంతో అన్నాడో మనకెట్ల తెలుస్తుంది? తొందర లేదులే. లైన్లో అందరూ తిరిగి చూసేట్టు నువ్వు అరిచినావంటే, ఆ మాట ఇక్కడ నాకు వినపడకపోయినా వినపడినట్టే.

గోదావరి సంగతి. బెల్లం తినే ఊరికి నేను రాను. గేదెను అండి అని పిలిచేచోట నాకేం పని? ఊరుబిండి పచ్చడి దంచి పెట్టమని కోడలికి చెప్పింది వేరే సంగతి, పెట్టె కిందికి దించమని మీ బావకు చెప్పింది వేరే సంగతి.

వద్దు. రాను.

ఇది ఒకటోసారి.

నీ అక్క
రామసుబ్బమ్మ